డొంకతిరుగుడు వియ్యంకుడు

ఊరు మొత్తమ్మీద బుర్ర ఉన్న కుటుంబం తమదొక్కటేనని పేరమ్మకు గట్టి నమ్మకం. ఆ సంగతి ఆమెకు మొగుడు భీమలింగం చెప్పాడు. ఆయనకు కొడుకు గంగులు చెప్పాడు. గంగులుకి ఎవరూ చెప్పలేదు, వాడికే తోచింది.

గంగులుకి ముప్పైనాలుగు నిండాయి. తొమ్మిది సంబంధాలు తప్పిపోయాయి. పదోది ఆదివారం వస్తోంది. ఇదీ తప్పిపోతే వాడికిక పెళ్ళి కాదని పేరమ్మకు గుండె దడ.

శనివారం సంతలో భీమలింగం కొత్త మాటొకటి నేర్చుకొచ్చాడు. డొంకతిరుగుడు మనిషి. అంటే, అడిగినదానికి అవుననీ కాదనీ చెప్పకుండా, మాటను ఊరంతా తిప్పి చివరికి అబద్ధం దగ్గర దింపేవాడట. అలాంటివాడితో వియ్యం వద్దని ముగ్గురూ ఒట్టేసుకున్నారు.

పిల్ల తండ్రి రత్తయ్య రెండు బస్సులు మారి మిట్టమధ్యాహ్నం దిగాడు. భోంచేయమంటే, ఇప్పుడే తినొచ్చాను, శ్రమ పడొద్దన్నాడు. అంతే, పేరమ్మ వేసిన విస్తరి తీసేసింది. ముగ్గురూ ఆయన ఎదుటే కూర్చుని గుత్తొంకాయ కూరతో తిన్నారు. రత్తయ్య కడుపు గుర్రుమంది.

భీమలింగం ముద్ద ఆపాడు. "బావగారూ, మీ నోరు తిన్నానంటోంది. కడుపు లేదంటోంది. ఎవర్ని నమ్మమంటారు?"

రత్తయ్య నవ్వేసి, ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయన్నాడు.

ఇంకేముంది, ఈయన డొంకతిరుగుడు మనిషేనేమోనని ముగ్గురికీ అనుమానం తగిలింది. మావాడు నచ్చాడా అంటే, ఇంటికెళ్ళి మాట్లాడుకుని కబురు చేస్తానన్నాడు. అంతే, గంగులు లేచి తలుపు గడియ పెట్టాడు. అవునో కాదో తేలేదాకా తీయనన్నాడు. రత్తయ్య చెమట తుడుచుకుని అవునన్నాడు. గడియ తీయగానే, వెళ్ళొస్తానండీ అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాడు.

వెళ్ళొస్తానన్నాడు కదా. మళ్ళీ విస్తరి వేసి ముగ్గురూ గుమ్మంలో కూర్చున్నారు. పొద్దు వాలింది, రాలేదు. మర్నాడూ రాలేదు. అన్నం పాచిపోయింది. పాపం దారి తప్పాడేమోనని పేరమ్మ ప్రాణం కొట్టుకుంది. ఇంకేముంది, ఆయన్ని వెనక్కి తీసుకొచ్చి ముహూర్తాలు పెట్టుకోవడానికి ముగ్గురూ బస్సెక్కారు.

భీమలింగం ఆయన ఇంటి తలుపు తట్టి, రత్తయ్యగారు ఇంట్లో ఉన్నారా అని అడిగాడు.

"లేను" అన్నాడు రత్తయ్య లోపల్నుంచి.

భీమలింగం మొహం విప్పారింది. అడగ్గానే ఒక్క ముక్కలో, ఎటూ తిప్పకుండా చెప్పాడు. పైగా ఆయన సంగతి ఆయనకన్నా ఎవరికి తెలుస్తుంది? ఇంత సూటి మనిషినా అనుమానించామని పేరమ్మకు తలకొట్టేసినట్టయింది. తలుపు సందులో నోరు పెట్టి మెల్లగా అంది.

"అన్నయ్యగారూ, మీరు ఇంటికి రాగానే, ముహూర్తాల కోసం మేమొచ్చామని మీకు కాస్త చెప్తారా?"

"అలాగేనమ్మా, చెప్తాను" అన్నాడు రత్తయ్య.

అంతే. తిరుగుదారిలోనే పేరమ్మ పెళ్ళిపందిరికి వెదురుబొంగులు బేరమాడేసింది.