గుంటది తప్పా, కాలిది తప్పా

ఆ పొద్దున కదంబగిరి రాజు వీరమల్లుడికి తీర్పు చెప్పాలంటే బద్ధకంగా ఉంది. ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. దానికోసం శాస్త్రాలన్నీ తిరగేసే ఓపిక ఆయనకి లేదు.

"ఒక పని చేద్దాం," అన్నాడు. "వాదించుకోండి. అవతలివాడి నోటితో తన మాట చెప్పించినవాడిదే గెలుపు."

ఫిర్యాదు చేసింది చెంచమ్మ. నెత్తిన కుండ పెట్టుకుని పెరుగమ్ముకునే మనిషి. రాజుగారి పుట్టినరోజుకని బజారంతా తోరణాలు కట్టారు. పండగయ్యాక గుంజలు పీక్కుపోయారు, గుంటలు మాత్రం వదిలేశారు. అందులో ఒకదాంట్లో పడి చెంచమ్మ కాలు విరిగింది. కట్టు కట్టిన కాలితో ఆమెని మంచం మీదే సభకి మోసుకొచ్చారు.

ఆ గుంటలు తవ్వించిన వీధుల అధికారి దండపాణి మీసం దువ్వుకుని లేచాడు.

"ప్రభూ, గుంట కదల్లేదు. తవ్వినచోటే బుద్ధిగా ఉంది. ఈవిడే నడిచొచ్చి పడింది. గుంటేమైనా ఈవిడ మీదికి ఉరికిందా?"

సభ గొల్లుమంది. దండపాణికి ఊపొచ్చింది.

"రెండు కళ్ళున్నాయి. కిందకి చూసి నడవొచ్చుగా?"

"నెత్తిన కుండ పెట్టుకుని కిందకెట్టా చూస్తానయ్యా," అంది చెంచమ్మ. "తల వంచితే పెరుగు నీ వీధికే నైవేద్యం."

"అయితే కుండ నెత్తినెత్తుకోకు."

"కొంగులో మూట కట్టుకుపోనా మరి?"

"చూశారా ప్రభూ, నోరు. రాచవీధిలో అడ్డంగా పడి దారి పాడుచేసింది కాబట్టి, ఇకమీదట ఈవిడ బజార్లో పెరుగమ్మకూడదని ఆజ్ఞ ఇవ్వండి."

చెంచమ్మ మొహం పాలిపోయింది. విరిగిన కాలు అతుక్కుంటుంది. బజారే లేకపోతే అతుక్కున్న కాలితో ఎక్కడికి పోవాలి?

అప్పుడు రాజుగారి పక్కనుంచి పానకాలు గొంతు సవరించుకున్నాడు. రాజుగారికి తాంబూలం చుట్టిచ్చేవాడు. రోజూ చెంచమ్మ పెరుగుతోనే అన్నం ముగించేవాడు.

"ఆవిడ తరఫున నేను మాట్లాడొచ్చా ప్రభూ?"

"మాట్లాడు."

"దండపాణిగారు చెప్పింది న్యాయమే."

"నువ్వు కూడానా పానకాలయ్యా," అంది చెంచమ్మ మంచం మీంచి.

పానకాలు అటు చూడలేదు. "గుంటది తప్పు లేదు. కళ్ళున్నవాళ్ళు చూసుకు నడవాలి. అంతేగా అయ్యగారూ?"

"అంతే."

"తవ్వినవాడు ఒక కర్రయినా పాతక్కర్లేదు. దీపం పెట్టక్కర్లేదు."

"ప్రతి గుంటకీ దీపం పెడితే నూనె మీ తాత పోస్తాడా?"

"అయితే నేను చెప్పేదేం లేదు. అయ్యగారికి సెలవిప్పించండి ప్రభూ, పాపం ఎండ ముదురుతోంది."

దండపాణి పొంగిపోయాడు. చేతులు కట్టుకుని వెనక్కి అడుగేశాడు.

వెనక్కే ఎందుకంటే, ఆ సభలో రాజుగారికి వీపు చూపించకూడదు. గుమ్మందాకా పొడవాటి ఎర్ర తివాచీ. దాని మీద, రాజుగారి మొహమే చూస్తూ, వెనక్కి వెనక్కి పోవాలి. తిరిగావా, ఉద్యోగం ఊడినట్టే.

పానకాలు ఆకుకి సున్నం రాస్తూ మాటవరసకి అన్నట్టు అన్నాడు.

"ప్రభూ, తివాచీ కింద బండలు కదులుతున్నాయని తాపీవాళ్ళు అంటున్నారు. ఒకటో రెండో పీకేసి, పైన తివాచీ పరిచేసి పోయారనుకోండి. కింద ఎంత లోతుంటుందంటారు?"

రాజు పానకాలు మొహం చూశాడు. విషయం అర్థమైంది.

"నిలువులోతు ఉంటుంది. కింద పాత నేలమాళిగ కదా," అన్నాడు తాపీగా.

దండపాణి కాలు గాల్లోనే ఆగిపోయింది.

"పీకారా?" అన్నాడు.

"కళ్ళున్నాయిగా అయ్యగారూ, చూసుకోండి."

"వెనక్కి నడిచేవాడికి వీపున కళ్ళుంటాయిరా?"

"అయితే వెనక్కి నడవకండి."

"తిరిగితే ఉద్యోగం పోతుంది."

"తిరక్కపోతే కాలు పోద్ది," అంది చెంచమ్మ.

దండపాణి బొటనవేలితో తివాచీని పొడిచి చూశాడు. మెత్తగా తగిలింది. తివాచీ ఎక్కడైనా మెత్తగానే ఉంటుంది, కానీ ఆ సంగతి ఆయనకి అప్పుడు తట్టలేదు. చప్పున కాలు వెనక్కి లాక్కున్నాడు. నుదుటి మీది చెమట మీసాల్లోకి దిగుతోంది.

"ఇంకా పోలేదేం దండపాణీ?" అన్నాడు రాజు.

"ఎలా పోను ప్రభూ? పీకితే పీకారు, అక్కడో కర్ర పాతొచ్చుగా. ఒక మనిషిని నిలబెట్టి, బాబూ ఇటు రాకు అని చెప్పించొచ్చుగా. జనం నడిచేచోట గుంట చేసి, చేతులు దులుపుకుని పోతారా?"

"అదంతా ఎవరి పని?"

"తవ్వినవాడి పని ప్రభూ, ఇంకెవరిది?"

అనేశాక ఆగాడు. నోరు మాత్రం మూతపడలేదు.

పానకాలు చుట్టిన తాంబూలం తీసుకెళ్ళి రాజుగారి చేతిలో పెట్టాడు.

"చెంచమ్మ తరఫున ఇంతకన్నా బాగా నేను వాదించలేను ప్రభూ."

రాజు పకపకా నవ్వాడు. ఆయన నవ్వాక సభ ఆగుతుందా? స్తంభాలు అదిరిపోయాయి. చెంచమ్మ లేచి నడిచేదాకా వైద్యమూ, ఇంటి తిండీ దండపాణి ఖర్చే అన్నాడు. ఊళ్ళో గుంటలన్నీ దగ్గరుండి పూడ్పించాలన్నాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి పానకాలుకి కప్పాడు.

"ఇంతకీ బండ పీకారా లేదా?" అని దండపాణి అడుగుతూనే ఉన్నాడు. ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. చివరికి రాజుగారి వైపే మొహం పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులతో తివాచీ తడుముకుంటూ వెనక్కి పాకడం మొదలెట్టాడు.

చెంచమ్మ కాలు పట్టుకుని మంచం మీద మెలికలు తిరిగిపోతోంది.

"ఎవరైనా ఆయన్ని ఆపండయ్యా, నవ్వలేక చస్తున్నా, కట్టు ఊడేట్టుంది."