ఏడవకూడదన్న కొయ్యబొమ్మ, ఒప్పుకోనన్న పైడమ్మ

ఏవిటే ఆద్యా, మొహం అలా వేలాడేశావు? మెషీన్లకి తెలివొచ్చేసి మనుషులందర్నీ తినేస్తాయని ఫోన్లో ఎవడో చెప్పాడా? వాడి నోట్లో మన్ను పడ! పడుకోబోయే పిల్లలకి చెప్పే మాటేనా అది? రా, నా పక్కన పడుకో. ఒరేయ్ మోక్షూ, అక్క దుప్పటి లాగకు, నీది నీకుందిగా. నేనూ అలాంటిదే ఒకటి చెప్తాను, వినండి. ఊ కొట్టాలి మరి. కొట్టకపోతే మధ్యలో ఆపేసి పడుకుంటాను, తర్వాత మీ ఇష్టం.

అనగా అనగా, కరెంటూ లేదు గిరెంటూ లేదు, అప్పుడొక పట్నం ఉండేది. పట్నానికో రాజు. ఆ రాజుకి లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు జ్వరమొచ్చి చచ్చిపోయింది. రాజైతే మాత్రం, కన్నతండ్రి కాదూ? రాణిగారు ఏడుపు, దాసీలు ఏడుపు, కోటంతా ఏడుపు. ఆ ఏడుపు చెవిన పడితే చాలు, రాజుకి పిచ్చెక్కినంత పనయ్యేదిట.

సరిగ్గా అప్పుడే ఎక్కణ్ణించో ఒక వడ్రంగి, బండి మీద ఒక కొయ్యబొమ్మని తీసుకొచ్చాట్ట. ఇంటి చూరంత ఎత్తు బొమ్మ. నడుస్తుంది, మాట్లాడుతుంది. దానికి తెలీని విద్య లేదు, దాని చేతికి రాని పని లేదు. రోజూ పొద్దున్నే దాని పొట్టలో కుండెడు నువ్వులనూనె పొయ్యాలి, అంతే. గొంతు మాత్రం ఎంత తియ్యగా ఉండేదో! బెల్లంపాకమే అనుకోండి. రాజు దాన్ని చూసి, నా రాజ్యంలో ఇంకెప్పుడూ ఏడుపు వినపడకూడదు, ఆ పని చూడు అన్నాట్ట. వడ్రంగి కాస్త నసిగాడు. ఎలా ఆపాలో, ఎక్కడ ఆగాలో కూడా చెప్పండి మహారాజా, లేకపోతే ఇది ఆగదు అన్నాడు. అంత తెలివైనదానికి నేను చెప్పేదేవిటి, అదే చూసుకుంటుంది అని రాజు ఆయన భుజాన శాలువా కప్పి పంపేశాడు. చూశారూ, తప్పంతా అక్కడ జరిగింది.

ఊ కొడుతున్నారా? ఆఁ.

అబద్ధమెందుకు చెప్పాలి, మొదట్లో ఆ బొమ్మ చాలా మంచి చేసింది. ఏ జ్వరంతో రాజు కూతురు పోయిందో ఆ జ్వరానికి మందు కనిపెట్టింది. ఎండిపోయిన నూతుల్లో నీళ్ళు తెప్పించింది. ఆకలితో ఏడ్చే ఇంటికి అన్నం పంపింది. గానుగ ఆడించే అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. పట్నం మొత్తానికి గానుగ ఆవిడదొక్కటే, బొమ్మకి నూనె ఆడించి పోసేది ఆవిడే. ఆవిడ కొడుకు సింహాద్రికి ఆ పాడుజ్వరమే వచ్చి, ప్రాణం గొంతులోకొచ్చిందిట. బొమ్మ మందే బతికించింది. దాంతో అచ్చియ్యమ్మ బొమ్మకి రోజూ హారతివ్వడం మొదలెట్టింది. ఆవిడ కోడలు పైడమ్మ కూడా దణ్ణం పెట్టింది. పెట్టదూ మరి, మొగుణ్ణి బతికించిందాయె.

ఇహ ఆ అత్తాకోడళ్ళ సంగతి చెప్పాలంటే, రోజూ పోట్లాటే. నీళ్ళు తోడితే ఎక్కువ తోడావని, తోడకపోతే ఏం చేతులు పడిపోయాయా అని. ఆవిడ ఇటునించి ఒకటంటే, ఈవిడ గిన్నెలు దడాలున పెట్టేది. వీధి వీధంతా వినేవారు. ఆ వీధిన పోయినప్పుడల్లా బొమ్మ కూడా వినేది, విని లోపల దాచుకునేది.

తర్వాతేమైందంటే, బొమ్మకి ఏడుపులు తక్కువయ్యాయి. పని లేకపోతే ఊరుకుంటుందా? వెతకడం మొదలెట్టింది. ఉల్లిపాయ తరిగితే కన్నీళ్ళొస్తున్నాయి. ఉల్లిపాయలు ఒద్దంది, ఉల్లిపాయలు పోయాయి. మిరపకాయలు దంచితే కన్నీళ్ళొస్తున్నాయి. మిరపకాయలు ఒద్దంది, మిరపకాయలు పోయాయి. పొయ్యి ఊదితే పొగ, పొగొస్తే కన్నీళ్ళు. పొయ్యిలు ఒద్దంది, పొయ్యిలూ పోయాయి. ఉప్పూకారం లేని చప్పిడి కూడు అదే వండి ఇంటింటికీ పంపేది. పరిగెడితే పిల్లలు పడతారు, పడితే ఏడుస్తారు. ఆటలు ఒద్దంది. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురు ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, ఆఖరికి తండ్రి కూడా కండువా అడ్డం పెట్టుకుని ఏడుస్తాడు. అప్పగింతలు ఒద్దంది. చెప్పకుండా చెయ్యకుండా పిల్లని పల్లకీలో పెట్టి పంపించేసేవారు. ఎవరైనా చచ్చిపోతే, ఇంట్లోవాళ్ళు చూసేలోపే శవాన్ని తీసుకెళ్ళిపోయేది. అచ్చియ్యమ్మ మొగుడు పోయినప్పుడూ అంతే. మా నాన్నేడీ అంటే, ఊరెళ్ళారమ్మా అని తియ్యగా చెప్పేది.

మరి జనం ఏం చేశారమ్మమ్మా అంటావా? ఏం చేస్తారు, సర్దుకున్నారు. మన మంచికేగా అన్నారు. మనకంటే దానికే ఎక్కువ తెలుసుగా అన్నారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది! తెలిస్తే? తెలిస్తే మాత్రం?

రాజుకి మాత్రం నెమ్మదిగా బుద్ధొచ్చింది. కూతురు పోయిన రోజు తిరిగొచ్చింది. ఆ పిల్ల గజ్జెలు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏడుద్దామనుకున్నాడు. బొమ్మ వచ్చి గజ్జెలు లాక్కుంది. రాజు మండిపడి, చాలు, ఇహ ఆపెయ్, నువ్వు పడుకో అన్నాట్ట. అదేమంది? నేనాగితే రాజ్యంలో ఏడుపులు మొదలవుతాయి మహారాజా, అవి రానివ్వొద్దని మీరే చెప్పారు, కాబట్టి ఆగను అంది. అని, ఆయన్ని పరుపులు పరిచిన గదిలో పెట్టి గొళ్ళెం వేసేసింది. పైగా పాలూ పళ్ళూ పంపేది. దానికి మన మీద కోపం లేదర్రా, పగ లేదు. కోపమైతే ఎప్పటికో చల్లారుతుంది. దానికి చల్లారడానికేమీ లేదు, అదీ భయం.

ఇంతలో పైడమ్మ నీళ్ళోసుకుంది. నెలలు నిండాయి. బొమ్మ వచ్చి, పుట్టిన ప్రతి బిడ్డా ఏడుస్తోంది, ఇక మీదట బిడ్డ బయటికి రాగానే నేనొక మందు నాలిక్కి రాస్తాను, ఏడవదు అని చాటింపు వేసింది. మంత్రసాని అడ్డమొచ్చింది. అయ్యో, పుట్టిన బిడ్డ ఏడిస్తేనే ఊపిరందేది, ఏడవకపోతే బతకదు కదా అంది. బొమ్మ అంతే తియ్యగా, బతకకపోతే ఇంకెప్పుడూ ఏడవదు కూడా అందిట.

ఊ కొట్టండర్రా. భయమేస్తోందా? నా చెయ్యి పట్టుకో. ఇప్పుడు చూడు పైడమ్మని.

ఆ పిల్ల నిండు కడుపుతో, నడుం మీద చెయ్యేసుకుని, బొమ్మ దగ్గరకి ఒక్కత్తే వెళ్ళింది. నా బిడ్డ జోలికి రావద్దు అంది. బొమ్మ కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. ఎంతో నెమ్మదిగా చెప్పడం మొదలెట్టింది. నీ బిడ్డ పళ్ళొస్తే ఏడుస్తాడు. నడిచేటప్పుడు పడి ఏడుస్తాడు. నమ్మినవాళ్ళు మోసం చేస్తే ఏడుస్తాడు. ఒకనాడు నువ్వు పోతావు, అప్పుడు వాడు గుండె బద్దలయ్యేలా ఏడుస్తాడు. ఇదంతా తెలిసి తెలిసి వాణ్ణి ఇందులోకి ఎందుకు లాక్కొస్తావమ్మా, నీకు జాలి లేదా అంది. ఏం చెప్పగలదు పైడమ్మ? అందులో ఒక్కటీ అబద్ధం కాదాయె.

అప్పుడు లేచి నిలబడి ఏమందో తెలుసా?

"నువ్వు చెప్పినవన్నీ నిజమే. నా దగ్గర జవాబు లేదు. అయినా నేను ఒప్పుకోను."

జవాబు లేనప్పుడు ఒప్పుకోవాలి కదా అందిట బొమ్మ.

"ఎందుకొప్పుకోవాలి? నీతో వాదించి గెలిస్తేనే నా బిడ్డని బతకనిస్తావా? వాడు నా బిడ్డ. నీకు నూనె కూడా పొయ్యం, ఫో!"

శభాష్! అలా ఉండాలి ఆడదంటే! బొమ్మ మాత్రం నవ్వింది. మీ అత్త పోస్తుంది, ఆవిడకి నువ్వంటే పడదు, ఇన్నాళ్ళూ నిన్ను తిట్టిన తిట్లన్నీ నా దగ్గరున్నాయి అంది. నిజమేనేమో అనుకుంది పైడమ్మ. ఏడుపు దిగమింగుకుని ఇంటికొచ్చింది.

వచ్చి, గుమ్మంలో కూలబడి అత్తకి అంతా చెప్పింది. అచ్చియ్యమ్మ చేతిలో నూనెకుండ ఉంది, అప్పుడే బొమ్మకి పట్టుకెళ్ళబోతోంది. విన్నది. ముక్కుపుటాలు ఎగరేసింది.

"నా కోడల్ని తిట్టుకుంటాను, కొట్టుకుంటాను, నా ఇష్టం. మధ్యలో ఈ కొయ్యముండెవతే నా మనవడి గొంతు నొక్కడానికి?"

ఆ చేతిలో కుండని వాకిట్లో దభీమని కొట్టింది. ఇంట్లో ఉన్న కుండలన్నీ తెచ్చి కొట్టింది, వాకిలంతా నూనె కాలవ కట్టింది. గానుగ రోకలి ఊడబీకి సింహాద్రి చేత నూతిలో తోయించింది. ఎద్దుని కట్టు విప్పి తోలేసింది. తిట్లన్నీ పోగేసుకున్నావుగా, ఇప్పుడు వాటితోటే నడువు అని కోటవైపు తిరిగి మెటికలు విరిచింది. అన్నీ తెలిసిన బొమ్మకి ఇది తెలీలేదు చూశారా! తిట్టినవాళ్ళంతా పగవాళ్ళనుకుంది, పిచ్చిమొహంది. మీ అమ్మని నేను తిట్టడంలా?

మర్నాడు మిట్టమధ్యాహ్నం పైడమ్మకి నొప్పులు వచ్చాయి. మూలుగు వినపడిందో లేదో, బొమ్మ మందుగిన్నె పట్టుకుని బయల్దేరింది. పొట్టలో మిగిలింది మొన్నటి అడుగునూనే. అచ్చియ్యమ్మ చూసింది. గుమ్మానికి అడ్డంగా చతికిలబడి, జుట్టు విరబోసుకుని, రాగం తీసి ఏడవడం మొదలెట్టింది. దొంగేడుపు కాదర్రా. మొగుడు చచ్చిపోతే మొహం కూడా చూడనివ్వలేదు ఆ బొమ్మ. ఆ ఏడుపంతా లోపలే ఉండిపోయింది. అది ఇప్పుడు బయటికొచ్చింది.

అది విని పక్కింటావిడ ఏడ్చింది, అప్పగింతలు లేకుండా పంపేసిన కూతురి కోసం. ఎదురింటి తాత ఏడ్చాడు, కొడుకు ఊరెళ్ళాడని ఇన్నాళ్ళూ నమ్మించినందుకు. కంసాలి వీధి ఏడ్చింది, సాలెల వీధి ఏడ్చింది, కుమ్మరి వీధి ఏడ్చింది. పిల్లలు కూడా, మాకు ఆటలు కావాలీ అని భోరుమన్నారు. బొమ్మ ఏం చేస్తుంది? ఈ గుమ్మం ముందు ఏడుపాపమంటే, ఆ వీధిలో ఏడుపు. ఆ వీధికి పరిగెడితే, వెనకాల ఏడుపు. ఇటు కిర్రు, అటు కిర్రు, కీళ్ళన్నీ కిర్రుకిర్రు. నూనె అయిపోతోంది. ఊరుకోండమ్మా, మీ మంచికే అంటోంది. ఒక్కరూ ఊరుకోలేదు. మా ఏడుపు మేం ఏడుస్తాం, నీకెందుకు అన్నారు.

ఆఖరికి ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ మళ్ళీ పైడమ్మ గుమ్మం దగ్గరికే వచ్చింది. నీ కొడుకుని బతికించాను కదా అచ్చియ్యమ్మా, ఒక్క గరిటెడు నూనె పొయ్యి అంది. అచ్చియ్యమ్మకి కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. బతికించావు, కాదన్ను, చచ్చేదాకా దణ్ణం పెడతాను, నూనె మాత్రం పొయ్యను అంది. బొమ్మ మందుగిన్నె ముందుకు చాపింది. చాపిన చెయ్యి చాపినట్టే బిగుసుకుపోయింది.

సరిగ్గా అప్పుడే లోపల బిడ్డ బయటపడ్డాడు. చప్పుడు లేదు. పట్నమంతా ఏడుపాపేసి చెవులప్పగించింది. మంత్రసాని బిడ్డని తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టింది. లేదు. మళ్ళీ తట్టింది. పైడమ్మ, ఏడవరా నాన్నా, ఏడవరా అని అరిచింది.

కేర్ర్ర్ మన్నాడు! ఏం గొంతర్రా వాడిది! కోటలో ఉన్న రాజుకి కూడా వినపడిందిట. జనం వెళ్ళి గొళ్ళెం తీస్తే, ఆయన పరుగున వచ్చి ఆ బిడ్డ ఏడుపు వింటూ, తన కూతురి కోసం కరువుతీరా ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు.

తర్వాత రాజు, బొమ్మని పొయ్యిలో పెట్టేద్దామన్నాడు. పైడమ్మే ఒద్దంది. జ్వరాల మందు దానికి తెలుసు, ఆ వడ్రంగిని వెతికించి, ఆపమంటే ఆగడం నేర్పించాకే లేపుదాం, లేపినా గరిటెడు నూనే పోద్దాం, నూనె గరిట మన చేతిలోనే ఉండాలి అంది. అలాగే చేశారు. ఆ రాత్రి ఇంటింటా పొయ్యి రాజేసి, బొమ్మ కంటపడకుండా పెరట్లో మిగిలిన పచ్చిమిరపకాయలతో పచ్చడి చేసి, ఉల్లిపాయ నంజుకుని, ముక్కులు చీదుకుంటూ తిన్నారు. మర్నాటి నుంచి అత్తాకోడళ్ళు మళ్ళీ పోట్లాట. ఈసారి, బిడ్డకి స్నానం ఎవరు పొయ్యాలని.

అయితే మెషీన్లు మనల్ని తినెయ్యవా అంటావా? ఏమోనే తల్లీ. తినెయ్యవని నేను ఒట్టు వెయ్యలేను. ఎక్కడ ఆగాలో చెప్పకుండా పని ఒప్పజెప్పేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు, మనకంటే దానికే తెలుసులే అని నోరు మూసుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ ఒక్కటి. అది ఎంత తెలివైనదైనా కానీ, ఎంత తియ్యగా చెప్పినా సరే, ఒద్దంటే ఒద్దనే. వాదించి గెలవక్కర్లేదు. నీకు పదిమందితో పాటు గుమ్మంలో కూర్చునే మొండితనం ఉందా, అది చూసుకో. నాకైతే ఉంది. నా మోకాళ్ళు అరిగిపోయినా సరే, నన్ను దాటి ఏ మెషీనూ లోపలికి రాదు, రానివ్వను. కాళ్ళు విరగ్గొడతాను.

సరే సరే, కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. మోక్షూ, ఇంకా ఊ కొడతావేంట్రా, అయిపోయింది, పడుకో.