దక్షిణామూర్తి మాస్టారి ఈల

తునిలో దక్షిణామూర్తి అనే డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. బడినీ ఇంటినీ ఒకే ఈలతో నడపవచ్చని ఆయన గట్టి నమ్మకం. ఆయనకు పదకొండుమంది సంతానం. ఇంతమందిని పేరుపేరునా పిలుస్తూ కూర్చుంటే ఇక తెల్లారినట్టేనని, అందరికీ నంబర్లు ఇచ్చాడు. ఈల ఊదగానే పిల్లలు వరండాలో వరసగా నిలబడి ఎవరి నంబరు వాళ్లు చెప్పాలి. చంటిదాని తరఫున తల్లి రాజ్యలక్ష్మి "పదకొండు" అనేది. వరసలో నంబరు తప్ప మరో మాట అనకూడదు. ఒకడికి జలుబు చేస్తే మిరియాల కషాయం అందరూ తాగాల్సిందే! అలాగని ఆయన చెడ్డవాడు కాడు. ఏ బిడ్డకూ ఏ లోటూ రాకూడదని పాపం ఆయన తాపత్రయం.

ఒక వేసవిలో అందరూ భీమవరంలో పెళ్లికి రైల్లో బయలుదేరారు. అవి బొగ్గు ఇంజన్ల రోజులు. సామర్లకోటలో బండి చాలాసేపు ఆగింది. పిల్లలు మంచినీళ్లు తాగడానికి దిగారు. బండి బయలుదేరే వేళకు మాస్టారు ఈల ఊదాడు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి నిలబడ్డారు.

"అయిదు."

"ఆరు."

ఆ తరవాత ఎవరూ పలకలేదు. ఏడో నంబరు ఎనిమిదేళ్ల హైమ. ఆ పిల్ల ఎక్కడా కనిపించలేదు.

గబగబా సామాను దింపేశారు. బండి వెళ్లిపోయింది. రాజ్యలక్ష్మి చంటిదాన్ని పొదువుకుని ఏడుపు మొదలుపెట్టింది. చుట్టూ ఎటు చూసినా పట్టాలే. మాస్టారు ముఖం కందిపోయేదాకా ఈల ఊదుతూనే ఉన్నాడు.

అప్పుడు ఆరో నంబరు కుముద భయంభయంగా, "ఊదకండి నాన్నగారూ! దానికి ఈల వినిపించదు" అంది.

"ఏమిటే నువ్వనేది?"

"దగ్గరగా వచ్చి చెబితేనే దానికి వినిపిస్తుంది. కీచుమనే చప్పుళ్లు ఎంత గట్టివైనా వినిపించవు. ఇంట్లో నేను పరిగెత్తడం చూసి పరిగెత్తుతుంది. నేను ఆరు అనగానే ఏడు అంటుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నంబరు తప్ప మరో మాట అనకూడదన్నారు కదా!"

"దానికి పరధ్యానం అనుకున్నానండీ" అని రాజ్యలక్ష్మి గొల్లుమంది.

మాస్టారు ఈల అక్కడే పడేసి పరిగెత్తాడు. కనిపించిన ప్రతి పిల్ల ముఖంలోకీ వంగి చూశాడు. ప్లాట్‌ఫారం చివర ఒక ఇంజనుకు నీళ్లు పడుతున్నారు. అంచుకు కాస్త ఇవతల నిలబడి హైమ ఆ వేడుక చూస్తోంది.

"హైమా!" అని వెనక నుంచి పిలిచాడు. పిల్ల కదలలేదు. ఇంజను చెవులు అదిరేలా కీచుమని కూత పెట్టింది. అప్పుడూ ఉలకలేదు. మాస్టారు చుట్టూ తిరిగి వచ్చి దాని ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

హైమ ఆయన్ను చూసి ఉలిక్కిపడింది. వెంటనే నిటారుగా నిలబడి, "ఏడు" అంది.

మాస్టారు దాన్ని దగ్గరకు తీసుకుని, "ఏడు కాదమ్మా, నువ్వు హైమవి" అని చెవిలో చెప్పాడు.

"నా పేరు మీకు తెలుసా నాన్నగారూ?" అంది పిల్ల ఆశ్చర్యంగా.

ఆ మాటకు డ్రిల్లు మాస్టారు అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాడు.

పెళ్లి వేళకు వాళ్లు చేరుకోలేకపోయారు. తుని తిరిగి వచ్చాక మాస్టారు ముందుగా హైమను వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాడు. ఆ తరవాత ఆ ఇంట్లో ఈల మోగలేదు. పదకొండుమంది దగ్గరకూ వెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఆయనే భోజనానికి లేపేవాడు. అందరూ వచ్చేసరికి పులుసు చల్లారిపోయేది. ఆయన విసుక్కోలేదు.

ఇంట్లో ఎంతమంది పిల్లలున్నా, ఒక్కొక్కరినీ విడిగా చూసి, వాళ్ల మాట వినడమే పెద్దల మొదటి పని.