వింజామర వీచే పుల్లమ్మ, రాజుగారి తుమ్ము

మల్లదేవరాజుకి మధ్యాహ్నం కునుకంటే ప్రాణం. ఓనాడు పీర్ల పండుగ డప్పులకి ఆ కునుకు కాస్తా చెడింది.

"ప్రభూ, పట్టాభిషేకం నాడు 'ఎవరి మాట వారిది, ఎవరి దేవుడు వారికి' అని కోటగుమ్మం మీద చెక్కించారు. దాని కింద 'ప్రధాని అనుమతితో' అని చేరిస్తే ఊరు సద్దుమణుగుతుంది," అన్నాడు ప్రధాని గుండప్ప.

రాజు ఆవులించాడు. "కానివ్వు."

మర్నాడు పీర్ల ముందు డప్పు కొడుతూ ఓబులేసు పాడాడు:

"మా సామి గొడుగు చిన్నది, ప్రధాని మీసం పెద్దది."

అనుమతి లేని భక్తి, అనుమతి లేని వెటకారం. రెంటికీ కలిపి చెరసాలలో వేశారు.

ఓబులేసు తల్లి పుల్లమ్మ. కొలువులో రాజుకి వింజామర వీచేది ఆమే. వెళ్ళి గుండప్ప కాళ్ళ మీద పడింది.

"నోరు మూసుకోవడం కొడుక్కి నేర్పలేదా?"

"నేర్పాను బాబూ. అన్నం నమిలేటప్పుడు."

"రేపు వాణ్ణి పొలిమేర దాటిస్తున్నాం. ఇక తిరిగి రాడు."

తెల్లారింది. పుల్లమ్మ వింజామరకి చిటికెడు నస్యం అద్దింది.

కొలువు తీరింది. వింజామర ఊగింది. రాజు తుమ్మాడు.

అలవాటు చొప్పున సభంతా "చిరంజీవ" అనబోయింది.

"ఆగండయ్యా," అంది పుల్లమ్మ. "దీవెనంటే దేవుణ్ణి తలవడమేగా. అనుమతి ఉందా? మావాడికి లేకే లోపలున్నాడు."

తెరిచిన నోళ్ళు మూతపడ్డాయి. రాజు మళ్ళీ తుమ్మాడు.

"అనండయ్యా, అనుమతిస్తున్నా," అన్నాడు గుండప్ప కంగారుగా.

"ఏ దేవుడి పేరునండీ?" అడిగాడు రౌతుల నాయకుడు ఖాసిం సాహెబు. "మీ దేవుడా, మా దేవుడా?"

"వైష్ణవులం, మాకు విడిగా ఇప్పించండి," అన్నారు పురోహితులు.

గుండప్ప తలపాగా సర్దుకున్నాడు. రాజు ఇంకోసారి తుమ్మి, ముక్కు తుడుచుకుని బిక్కమొహం వేశాడు.

"నేను చల్లగా ఉండాలని ఇక్కడ ఒక్కరికీ లేదా?"

పుల్లమ్మ వింజామర ఆపింది.

"అందరికీ ఉంది ప్రభూ. మనసులో అనుకుంటున్నారు. అనుమతి వచ్చేదాకా మీరూ మనసులోనే తుమ్ముకోండి."

రాజు పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు. నవ్వి నవ్వి మళ్ళీ తుమ్మాడు. ఈసారి ఎవరూ గుండప్ప వైపు చూడలేదు. ఎవరి దేవుడి పేరుతో వారు దీవించారు.

"కుర్రాణ్ణి వదలండి. గుమ్మం మీద ఆ ముక్క చెరిపేయండి. ఉలి ప్రధానిగారికే ఇవ్వండి," అంటూ రాజు మెడలోని ముత్యాలదండ పుల్లమ్మకిచ్చాడు.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. చూపు మాత్రం వాకిలి మీదే ఉంది.

చెరసాల వైపు నుంచి డప్పు మోగింది. గుండప్ప గబుక్కున మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు. సభ గొల్లుమంది.