కోదండపాణి మాస్టారి పెద్ద మాటలు

గుంటూరు మిర్చి యార్డు ఎదుట స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే కోదండపాణి మాస్టారికి, ఒక్క ముక్కలో తేలిపోయే సంగతిని నాలుగు ఇంగ్లీషు పదాల్లో చెబితే తప్ప అన్నం అరిగేది కాదు. రోజూ పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఇంగ్లీషు పేపరు తెరిచి రైతులకు ధరవరలు వినిపించేవాడు. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటుంటే ఆయనకు కడుపు నిండిపోయేది.

ఆ ఏడు సామ్రాజ్యం అనే కౌలు రైతు, పండిన మిరపకాయలన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టి మంచి ధర కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఆ సరుకు గిట్టుబాటైతేనే మళ్లీ పొలం కౌలుకు దక్కుతుంది. ఒకనాడు ఆమె వచ్చి, "మాస్టారూ, కాయ ఇప్పుడే అమ్మెయ్యమంటారా, ఇంకొన్నాళ్లు ఆగమంటారా?" అని అడిగింది.

బయటి దేశాల వాళ్లు కొనుగోళ్లు ఆపేశారనీ, ధర కుప్పకూలబోతోందనీ ఆ రోజు పేపర్లో ఉంది. ఆ మాట చెబితే చాలు. కానీ చుట్టూ పదిమంది ఉన్నారాయె, మాస్టారు ఊరుకుంటాడా!

"చూడమ్మా, మొన్నటిది చిన్న డిప్. ఇప్పుడు స్లంప్ కనిపిస్తోంది. ఎక్స్‌పోర్ట్స్ ప్లమెట్ అయితే మార్కెట్ ఫ్రీఫాలే!" అన్నాడు నవ్వుతూ. ఆ నాలుగు ఇంగ్లీషు మాటలకూ అర్థం ఒక్కటే, పడిపోవడం.

"అబ్బ, ఏం చదువండీ మాస్టారూ!" అన్నాడు టీ కొట్టు నాగేశ్వరరావు.

సామ్రాజ్యానికి ఒక్క ముక్క బోధపడలేదు. పదిమందిలో అడగడానికి సిగ్గుపడి తలూపింది. ఆమెకు అర్థం కాలేదని మాస్టారికి తెలుసు. తెలిసీ, ఆ మెప్పు మత్తులో పేపరు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నవ్వుతూ చెప్పాడు గనుక మంచి కబురే అయ్యుంటుందనుకుని ఆమె ఆగిపోయింది.

పది రోజుల్లో ధర సగానికి పడిపోయింది. పొలం వేరేవాళ్లకు పోయింది.

నెల తిరక్కుండా, యార్డులో మిరపకాయలకు తొడిమలు తీసే కూలీల మధ్య ఆమె కనిపించింది. మాస్టారు దగ్గరికి వెళ్లి, "పడిపోతుందని ఆ రోజే చెప్పాను కదమ్మా..." అని నసిగాడు.

ఆమె మండుతున్న చేతులు కొంగుకు తుడుచుకుంది. "మీరు చాలానే చెప్పారు మాస్టారూ. 'అమ్మెయ్యి' అని ఒక్క మాట అనుంటే బతికిపోయేదాన్ని," అంది.

మాస్టారు తల దించుకున్నాడు. ఎంత కుమిలితే ఏం లాభం, పోయిన పొలం తిరిగి రాదు కదా!

నీతి: సలహా అడిగినవారికి అర్థం కాకుండా చెప్పిన నిజం, చెప్పకుండా దాచిన నిజంతో సమానం.