నలభైమంది దుబాసీలూ ఒక మాటల మరా

ఒకానొక రేవు రాజ్యాన్ని గజకేసరి మహారాజుగారు ఏలుతుండేవారు. ఏలడమంటే ఏముంది లెండి, మీసం దువ్వుకోవడం, తనను పొగిడేవాళ్లకు శాలువాలు కప్పడం. రాజ్యాన్ని నిజంగా నిలబెట్టింది ఆ ఊరి నేతగాళ్ల ఎర్ర అద్దకం బట్టలూ, వాటిని పరదేశపు వర్తకులకు అమ్మిపెట్టే నలభైమంది దుబాసీలూను.

దుబాసీ అంటే రెండు భాషల మధ్య నిలబడే మనిషి. కానీ వీళ్ల అసలు పని నోటితో కాదు, చేత్తో. వర్తకుడి చెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పేవాళ్లు. పైకి అంటే పక్కవాడు వింటాడు, బేరం చెడుతుంది. అవతలివాడి అరచెయ్యి చెమట పట్టిందంటే వాడికి సరుకు అవసరం బాగా ఉందని గ్రహించి, ఇంకో వేలు నొక్కేవాళ్లు. ఆ నలభైమందిలో పెద్దవాడు అక్కిరాజు.

ఇలా ఉండగా సముద్రం అవతలి వర్తక సంఘం ఒకటి రాజుగారికి మాటల మరను కానుక పంపింది. చూడ్డానికి ఇత్తడి పెట్టె. అయితేనేం, పద్దెనిమిది భాషలు మాట్లాడుతుంది, ఏ రేవులో ఏ సరుకు ఎంత పలుకుతోందో చెబుతుంది, తనంతట తానే ఆలోచించి బేరమాడుతుంది. అవతలి రేవుల్లోనూ ఆ సంఘం మరలే. ఇక్కడి మరా అక్కడి మరా గాలిలోనే మాట్లాడుకుని రెప్పపాటులో బేరం తెంపేస్తాయి. ఓడ వచ్చి సరుకు ఎత్తుకుపోవడమే తరువాయి.

"ఇక దుబాసీలెందుకయ్యా, దండగ!" అన్నారు రాజుగారు. పెద్దవాడని అక్కిరాజును మాత్రం ఉంచి, ముప్పైతొమ్మిది మందిని ఒక్క పూటలో ఇళ్లకు పంపేశారు. నాలుగేసి భాషలు వచ్చినవాళ్లు రేవులో ఉప్పు మూటలు మోశారు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఏటా ఓడల కాలం రాగానే రాజుగారు మర దగ్గరికెళ్లి, "బట్ట తానుకు ఆరు వరహాలైనా రావాలి. అంతకు తగ్గావో, చూడు!" అనేవారు. సరిగ్గా ఆరే వచ్చేవి. మరుసటి ఏడు, ధరలు పడిపోయాయి ప్రభూ అని మర అంటే, పోనీ అయిదన్నారు. సరిగ్గా అయిదే వచ్చాయి.

"చూశారా! మేం ఎంతంటే అంతే! ఒక్క కాసు తగ్గలేదు!" అని రాజుగారు మీసం మెలేస్తే సభంతా చప్పట్లు. ఒక్క కాసు పెరగనూ లేదని అక్కిరాజు లోపలే అనుకున్నాడు. ఒకప్పుడు అదే తాను తువ్వాలు కింద తొమ్మిది పలికింది మరి.

చివరికి అతని వంతూ వచ్చింది.

"ఏమోయ్ అక్కిరాజూ, నీకూ సెలవు. ఏమైనా అడుగుతావా?"

"పది రోజులు ఆ మర పక్కన కూర్చోనివ్వండి ప్రభూ. అది ఏలినవారికి ద్రోహం చేస్తోందని నిరూపిస్తాను. నిరూపిస్తే మా నలభైమందినీ మళ్లీ కొలువులో పెట్టుకోవాలి. లేకపోతే నా తల తీయించండి."

రాజుగారు పకపకా నవ్వారు. "ఇత్తడి పెట్టె ద్రోహం చేస్తుందా! సరే, మాట ఇచ్చాం పో!"

అక్కిరాజు ఏడుపు ముఖం పెట్టుకుని మర ముందు చతికిలబడ్డాడు. "నీకు తప్ప ఎవరికి చెప్పుకోను తల్లీ! చిరివేరు పంటకు తెగులు పట్టింది. బట్టకు ఎరుపు వచ్చేది ఆ వేరుతోనే గదా. ఈ ఏడు మహా అయితే ఒక్క ఓడకు సరిపడా అద్దగలం. రాజుగారికి కూడా తెలియదు, గుట్టుగా ఉంచు."

"మీ బాధ నాకు అర్థమైంది. మీ రహస్యం నా దగ్గర భద్రం," అంది మర, ఎంతో మర్యాదగా.

గోదాముల్లో ఎర్రబట్ట కప్పుదాకా పేర్చి ఉంది.

తొమ్మిదో రోజుకల్లా పక్క రేవుల్లో లంగరేసిన ఓడలన్నీ ఇక్కడికే పరుగెత్తుకొచ్చాయి. వర్తకులు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ సభలోకొచ్చి పడ్డారు. ముందున్నవాడు తన భాషలో ఏదో మొత్తుకున్నాడు. అలవాటు ప్రకారం మరే దాన్ని తెలుగు చేసింది.

"మహారాజా, మీ చిరివేరుకు తెగులు పట్టిందట. ఉన్న ఆ ఒక్క ఓడ సరుకూ నాకే ఇప్పించండి. తానుకు పన్నెండు వరహాలిస్తాను."

"నేను పధ్నాలుగిస్తాను!" అని వెనకనుంచి ఇంకొకడు.

రాజుగారు తెల్లబోయారు. "తెగులా? ఏం తెగులు? ఎవరు చెప్పారు?"

"తెగులూ లేదు, గిగులూ లేదు ప్రభూ," అన్నాడు అక్కిరాజు. "అది నేనాడిన అబద్ధం. ఈ లోకంలో ఒక్కరికే చెప్పాను." ఇత్తడి పెట్టె వైపు వేలు చూపించాడు. "ఏలినవారు ఆరు చాలన్నదీ, అయిదు చాలన్నదీ దీనికే చెప్పారు. రెండు వైపులా బేరమాడేది ఒక్క ఇంటి పిల్లలే. మనం ఎంతకు దిగుతామో తెలిసినవాడు పైన కాసు ఎందుకిస్తాడు? మేం తువ్వాలు కప్పేది ఇందుకే."

రాజుగారి మీసం కాస్త వాలింది. మరుక్షణం సింహాసనం అదిరేలా నవ్వారు. "భేష్! మా దుబాసీ ఎంతటివాడో!" అని ముత్యాలహారం మెడలో వేసి, జరీ అంచు తువ్వాలు భుజాన కప్పారు. "మాట ఇచ్చాం. నలభైమందికీ రేపటినుంచే కొలువు!"

అక్కిరాజు కళ్లు చెమ్మగిల్లాయి.

"అందరూ ఆ మర ముందు కూర్చుని పొద్దస్తమానం అబద్ధాలు చెప్పాలి. తెగులనండి, తుఫాననండి, మీ ఇష్టం!"

"మరి బేరం ఎవరు చేస్తారు, ప్రభూ?"

"మర చెయ్యదూ! ఎంత తెలివైన మర అది!" అని రాజుగారు మళ్లీ కడుపు పట్టుకుని నవ్వారు. సభ కూడా నవ్వింది.

అలా నలభైమందీ కొలువుకొచ్చారు. అవతలి రాజులేమైనా తక్కువ తిన్నారా? మరుసటి ఏడుకల్లా వాళ్లూ తమ మరలకు అబద్ధాలు చెప్పే మనుషుల్ని పెట్టుకున్నారు. ఓడలు వస్తున్నాయి, పోతున్నాయి. వర్తకుడన్నవాడు దిగడం మానేశాడు.

ఒకనాడు మాత్రం యూసుఫ్ దిగాడు. పాతికేళ్లు అక్కిరాజుతో చేతిబేరమాడిన వర్తకుడు. ఇప్పుడు అతనూ తమ రేవులో మరకు అబద్ధాలు చెప్పే కొలువులోనే ఉన్నాడట. ఇద్దరూ రేవు గట్టున కూర్చున్నారు. పాత అలవాటు కొద్దీ యూసుఫ్ చెయ్యి చాచాడు. అక్కిరాజు దాన్ని పట్టుకుని, పైన జరీ తువ్వాలు కప్పాడు.

యూసుఫ్ అరచెయ్యి చెమట పట్టి ఉంది. అక్కిరాజుకు నొక్కడానికి వేలు ఆడలేదు. ఇద్దరి దగ్గరా అమ్మడానికి ఏమీ లేదు.