అద్దె గడ్డివామి

ఏటికి ఇవతలి ఒడ్డున జంతువులకి అన్నీ ఉన్నాయి, వైద్యం తప్ప. నిరుడు గాలికుంటు వచ్చి నోళ్ళు పుండ్లై, గిట్టలు పుచ్చి పశువులు పడిపోతుంటే ఏ ఆకు నూరి పెట్టాలో చెప్పే దిక్కు లేకపోయింది. బూదమ్మ అనే బర్రె తన పెద్ద దూడని అలాగే పోగొట్టుకుంది. అందుకే చిన్న దూడ నీలాలు అవతలి ఒడ్డున కొండముచ్చులు నడిపే మూలికల బడికి పోతానంటే అడ్డం చెప్పలేదు. దూడ పరీక్షలో గెలిచింది. "పిల్ల చురుకైంది. ఏడాది మేతలో సగం మేం పెడతాం, మిగతా సగం మీరు పంపాలి" అని బడి నుంచి కబురొచ్చింది.

ఆ సగం మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? బూదమ్మకి ఉన్నదల్లా కాలవ గట్టున చారెడు పచ్చిక. సింహంగారి కొలువులో బీద పిల్లల చదువుకి సాయం చేస్తారని విని, పోయి నిలబడింది. కొలువు గుమాస్తా తోడేలు ఆమె చుట్టూ తిరిగి డొక్కలు తడిమి చూశాడు.

"నీ కాళ్ళ మీద నువ్వు నిలబడే ఉన్నావు. బీదదానివి ఎలా అవుతావు?"

"పడిపోయాక వస్తే ఇస్తారా?"

"పడిపోయినవాళ్ళు ఇక్కడిదాకా రాలేరుగా. అందుకే ఇంతవరకూ ఎవరికీ ఇవ్వాల్సిన పని పడలేదు."

బూదమ్మకి ఒళ్ళు మండిపోయింది. అక్కణ్ణుంచి తిన్నగా రేవుకి పోయింది. ఎవరు ఏరు దాటాలన్నా మొసలి మకరప్ప ఒప్పుకోవాలి.

"పెరట్లో ఏడాదికి సరిపడా గడ్డివామి చూపిస్తేనే దాటనిస్తాను. ఆకలి కడుపుతో వచ్చినవాళ్ళు మా ఒడ్డంతా మేసేస్తారు" అన్నాడు మకరప్ప.

"అక్కడ బీదదాన్నని ఒప్పించలేక చచ్చాను. ఇక్కడ కలిగినదాన్నని ఒప్పించాలా దొరా?"

"రూలు" అని మకరప్ప కళ్ళు మూసుకున్నాడు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. బూదమ్మ బుసలు కొడుతూ రేవు పక్కనే ఉన్న తన ఇంటికొచ్చేసరికి వాకిట్లో నక్క జంబుకయ్య కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏ ఇంట్లో పిల్లలు చదువుకి బయల్దేరుతున్నారో ఈయనగారికి ఇంటివాళ్ళకన్నా ముందే తెలుస్తుంది.

"ఇంతమాత్రానికే దిగులెందుకు వదినా? నా గడ్డివామి ఒక పూట నీ పెరట్లో వేయిస్తాను. మొసలి దొర చూసిపోగానే ఎత్తించుకుపోతాను. మన ఒడ్డు నుంచి పోయిన పిల్లలందరూ ఇలా దాటినవాళ్ళే."

"ఊరికేనా?"

"ఊరికే ఎవరు చేస్తారు? కాలవ గట్టు పచ్చిక నాకు వదిలెయ్యి."

"నక్కవి, పచ్చిక నువ్వేం చేసుకుంటావు?"

"కోయించి వామిలో కలుపుతాను. వామి పెద్దదైతే బేరం పెద్దదవుతుంది."

అప్పుడు అర్థమైంది బూదమ్మకి. ఎద్దు సోమన్న దిబ్బ, మేక లచ్చిమి గట్టు, అన్నీ ఎటుపోయాయో. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆ క్షణంలోనే కొమ్ములతో ఎత్తి అవతల పారేద్దామనిపించింది. కానీ పిల్ల ఏరు దాటాలి.

"ముందు వామి తెప్పించు" అంది.

"తెప్పిస్తా. నువ్వు మాత్రం నోరు విప్పకు. మీ బర్రెలకి ఎంత నేర్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. అబద్ధమైనా నిజమైనా నేనే చెప్తాను."

తెల్లారాక గాడిదలు గడ్డి మోసుకొచ్చి పెరట్లో వామి వేశాయి. అందరూ నీళ్ళకి వచ్చే వేళకి మకరప్ప వచ్చి చూశాడు. ఆ రేవుకో కట్టుబాటు ఉంది. సాక్ష్యం చెప్పేవాడు ఏట్లో దిగి, నీళ్ళు దోసిట పట్టి చెప్పాలి. అది అబద్ధమని తేలితే బతికినన్నాళ్ళూ ఆ ఏట్లో మూతి పెట్టకూడదు. జంబుకయ్యకి అలవాటైన పనే. సోమన్న, లచ్చిమి, గాడిదలు అందరూ చూస్తుండగా నీళ్ళలో దిగాడు.

"ఏటి సాక్షి. ఈ వామి బూదమ్మదే. ఇందులో ఒక్క పరక మీద కూడా నాకుగానీ ఇంకొకరికిగానీ హక్కు లేదు. ఇది అప్పు కాదు, అద్దె కాదు."

మకరప్ప తల ఊపాడు. నీలాలు తెప్ప ఎక్కింది. బూదమ్మ ఒక్క ముక్క మాట్లాడలేదు.

తెప్ప అవతల ఆగిందో లేదో జంబుకయ్య గాడిదల్ని కేకేశాడు. బూదమ్మ వామికి అడ్డంగా వచ్చి కొమ్ములు దించింది.

"ఎవరి గడ్డి ఎత్తిస్తున్నావు జంబుకయ్యా?"

"వేళాకోళమా వదినా? నాదే."

"ఆ మాట కాస్త గట్టిగా అను. దొర ఇంకా రేవులోనే ఉన్నాడు."

జంబుకయ్య గొంతు తగ్గించాడు. "నేను నోరు విప్పితే నీ కూతురు వెనక్కొస్తుంది. తెలుసా?"

"తెలుసు. దాని చదువు పోతుంది, నా కడుపు మండుతుంది. నువ్వు రేపట్నుంచి నీళ్ళెక్కడ తాగుతావో అది చూసుకో. ఒక బిడ్డని వైద్యం లేక మట్టిలో పెట్టినదాన్ని. నన్ను బెదిరిస్తావా నువ్వు?"

మకరప్ప రేవులోంచి తలెత్తాడు. "ఏంటక్కడ గొడవ?"

జంబుకయ్య పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. నాదంటే నీళ్ళు పోతాయి, కాదంటే గడ్డి పోతుంది. సోమన్న, లచ్చిమి దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏం లేదు దొరా" అన్నాడు చివరికి. "వదినగారి వామి ఏపుగా ఉందని మెచ్చుకుంటున్నా."

బూదమ్మ ఏడాది మేతలో సగం గడ్డి అప్పటికప్పుడే తెప్పకెక్కించి కూతురికి పంపింది. మిగిలింది సోమన్నకీ లచ్చిమికీ పంచింది. తర్వాత రేవుకి పోయి మకరప్ప ఎదురుగా నిలబడింది.

"ఇదే వామిని ఎన్ని పెరళ్ళలో చూశావు దొరా? నీకు తెలియదా?"

మకరప్ప మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. గాడిదలు మాత్రం కూలి ఇమ్మని జంబుకయ్య వెంటపడి అడవి చివరిదాకా తరుముతూనే ఉన్నాయి.

లేనివాణ్ణి ఉన్నట్టు చూపించమనే దొరలున్నంత కాలం, అద్దెకిచ్చే నక్కలకి కరువుండదు.